సేఠ్ దుకాణం ఎవరి కబ్జాలో ఉంది

మా సేఠ్ దుకాణంలో లక్ష్మీదేవి పటానికి పైన లైసెన్సు పటం ఉండేది. పొద్దున షట్టర్ ఎత్తగానే అగరొత్తి రెంటికీ తిప్పేవాడు. నేను నవ్వితే, "కాకా, లక్ష్మి అలిగితే మళ్లీ వస్తుంది. ఇది అలిగిందంటే రాదు" అనేవాడు.

సూరత్ పాత ఊళ్లో, ఒక గడియారాల కొట్టుకూ ఒక మిఠాయి అంగడికీ నడుమ ఉన్న తుపాకుల దుకాణం అది. ఇప్పుడు అక్కడ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. ఆ దుకాణంలో చేరకముందు నేను మగ్గాల ఖాతాలో పనిచేశాను. ఖాతా అంటే ఇక్కడ పవర్‌లూమ్ షెడ్డు. ఉత్తర తెలంగాణ నుంచి మీసం రాని వయసులో వచ్చి, ఆ చప్పుడులో ఎడమ చెవి పూర్తిగా, కుడి చెవి సగం పోగొట్టుకున్నాను. ఖాతా పెట్టినవాణ్ణి నీ దగ్గర పనిచేసేవాళ్ల చెవులు ఏమవుతాయని ఏ ఆఫీసూ అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, దాన్ని తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

చెవులు పోయాక మగ్గం మీద నిలబెట్టుకోలేదు. తెలిసినవాళ్లు సేఠ్ దగ్గరికి తీసుకుపోయారు. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, తుపాకి పేలినా ఉలిక్కిపడని మనిషి దొరికాడని నవ్వి పెట్టుకున్నాడు. నా పని తుడవడం, నూనె పెట్టడం, ఇనుప గది తలుపు తీసి వేయడం. గిరాకీ తక్కువ దుకాణం కాబట్టి మధ్యాహ్నాలు ఖాళీగా ఉండేవి. నేను బడికి పోయింది మూడో తరగతి దాకా, అదీ తెలుగులో. హిందీ అక్షరాలు లారీల మీద నేర్చుకున్నాను, గుజరాతీ అక్షరాలు మిఠాయి పొట్లాలు కట్టిన పేపర్ల మీద. ఇక చదవడానికి దుకాణంలో మిగిలింది సేఠ్ సొరుగులోని ఆయుధాల చట్టం పుస్తకం. హిందీ అచ్చు. ఒక్కో పేజీకి ఒక్కో వారం పట్టినా వదల్లేదు.

ఆ పుస్తకం చదివాకే సేఠ్ ఎందుకు అంత భయపడుతూ బతుకుతాడో అర్థమైంది. దుకాణం చోటు మార్చాలంటే అనుమతి. గది గోడ ఎంత మందం ఉంది, తలుపు దేనితో చేశారు, నిప్పంటుకుంటే ఆర్పేది ఎక్కడుంది, కెమెరా తిరుగుతోందా లేదా, అన్నీ వచ్చి చూసిపోతారు. ప్రతి తుపాకీ మీద నంబరు, ఆ నంబరు రిజిస్టరులో, రిజిస్టరు పైవాళ్లకు. కొనేవాడి లైసెన్సు చూడకుండా ఒక్క తూటా కూడా గడప దాటకూడదు. అమ్మినవి కాక, జనం జమ చేసిపోయినవి కూడా ఉండేవి. లైసెన్సు గడువు తీరినవాళ్లు, విదేశాలకు పోయినవాళ్లు, తండ్రి చనిపోతే ఆయన తుపాకి ఏం చేయాలో తెలియనివాళ్లు తెచ్చి మా దగ్గర పెట్టేవాళ్లు. దుకాణంలో ఎవరు పనిచేస్తారో ఆ పేర్లు కూడా స్టేషన్లో ఉండేవి. నా పేరు అక్కడ 'పనివాడు' అని ఉంది. లైసెన్సు సేఠ్ పేరు మీద, ఆయన కింద నేను. ఆయన లేకపోతే ఆ కింద అనేదానికి అర్థమే లేదు. ఇది నాకు తెలుసు. తెలిసీ ఆ ఎండాకాలం జరిగింది జరిగింది.

జబ్బు వచ్చిన మొదటి ఏడు, లాక్‌డౌన్‌తో అన్నీ మూసినప్పుడు సేఠ్ రోజూ ఫోన్ చేసేవాడు. లైసెన్సు రెన్యువల్ దగ్గరపడుతోంది, ఆఫీసులు తెరవరు, గడువు పొడిగించారని ఒకడంటాడు, లేదని ఇంకొకడంటాడు. అప్పుడు మేముండే పర్వత్ పాటియా వైపు మావాళ్లు మూటలు కట్టుకుని ఊళ్లకు బయలుదేరుతున్నారు. వాళ్లు ఎంతమందో, ఏ దారిన పోతున్నారో ఏ రిజిస్టరులోనూ లేదు. గోడకు వేలాడే తుపాకి నంబరు మాత్రం నాలుగు ఆఫీసుల్లో ఉంది. ఈ మాట సేఠ్‌తో అంటే, "కాకా, నన్ను తిట్టకు, నేను సర్కార్‌ని కాదు" అన్నాడు. ఆ ఏడు ఎలాగో గట్టెక్కాం.

రెండో ఏడు ఎండలు ముదిరేవేళ జబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి ఇళ్లలోకి వచ్చింది. ఒకరోజు సేఠ్ భార్య ఫోన్ చేసి రమ్మంది. ఆమెను నేను బెన్, అంటే అక్కా, అని పిలుస్తాను. పోయేసరికి గేటు ముందు అంబులెన్సు నిలబడి ఉంది. సేఠ్ అప్పటికే అందులో కూర్చుని ఉన్నాడు, ముక్కు మీద గొట్టం. బెన్ ఒక ప్లాస్టిక్ సంచిని గేటుకు తగిలించి వెనక్కి జరిగింది. సంచిలో షట్టర్ తాళంచెవి, ఇనుప గది తాళంచెవి. సేఠ్ చెయ్యెత్తి ఆ సంచి వైపు చూపించాడు. నాకు మాట వినపడలేదు, పెదవులు కదలడం కనిపించింది.

మా ఖాతాల్లో ఒక ఆనవాయితీ ఉండేది. యజమాని యాత్రకో పెళ్లికో ఊరు దాటితే, తాళంచెవి అందరికన్నా పాత మగ్గం కారీగర్ చేతిలో పెట్టి పోతాడు. తీసుకున్నవాడు దాన్ని కళ్లకద్దుకుని మొలతాడుకు కట్టుకుంటాడు. యజమాని తిరిగొచ్చేదాకా స్నానానికి కూడా విప్పడు. ఆ తాళంచెవి కట్టుకున్నవాడిని మిగతావాళ్లు ఆ కొన్నాళ్లు అన్నా అని పిలుస్తారు. నేను ఖాతాలో ఉన్నన్నాళ్లూ ఆ మర్యాద నాకు దక్కలేదు. చేతులు జోడించి సంచి తీసుకున్నాను. అక్కడే గేటు ముందు కళ్లకద్దుకుని మొలతాడుకు కట్టుకున్నాను. పుస్తకంలో చదివింది ఒక్కటీ ఆ నిమిషం నాకు గుర్తు రాలేదు.

సేఠ్ తిరిగి రాలేదు. కబురు ఫోన్‌లోనే వచ్చింది. పిల్లల్లేరు. బెన్‌కు కూడా జబ్బు తేలింది, ఆమె ఇంటి గేటుకు వెదురు బొంగులు అడ్డం కట్టి కాగితం అంటించారు. నేను ఆయన పేరు చెప్పి స్నానం చేసి వచ్చి కూర్చున్నాను. నడుముకు ఏదో చల్లగా తగిలింది. అప్పుడు గుర్తొచ్చింది.

లైసెన్సుదారు పోతే ఆయుధాలు ఆలస్యం లేకుండా దగ్గరి స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఇంకో డీలరు దగ్గరో జమ చేయాలని రాసి ఉంటుంది. అంతవరకు అవి ఎవరి కబ్జాలో ఉంటే జవాబు వాళ్లదే. కబ్జా అన్నది హిందీ పుస్తకంలోని మాట, గుజరాతీలోనూ కబ్జో అంటారు. చేతిలో ఉండటం, ఆధీనంలో ఉండటం, అంతే. సేఠ్ ఊపిరి ఆగిన నిమిషం నుంచి ఆ ఇనుప గదిలోని తుపాకులన్నీ లైసెన్సు లేని తుపాకులు. వాటి తాళంచెవి నా మొలతాడుకు ఉంది.

మరునాడే స్టేషన్‌కు పోయాను. సగం మంది జబ్బుపడ్డారు, మిగతా సగం రోడ్ల మీద బందోబస్తులో ఉన్నారు. గేటు దగ్గరి కానిస్టేబుల్ దూరం నుంచే విని, వారసులు అర్జీ ఇవ్వాలి, నువ్వెవరు అన్నాడు. పనివాణ్ణి అన్నాను. పనివాడి అర్జీ ఎవరు తీసుకుంటారు, వారసుల్ని తీసుకురా అన్నాడు. వారసురాలు వెదురు బొంగుల వెనకాల జ్వరంతో పడి ఉంది. లైసెన్సుల ఆఫీసుకు పోతే తలుపు మీద ఫోన్ నంబరు అంటించి ఉంది, ఆ ఫోన్ ఎవరూ ఎత్తలేదు. ఊళ్లోని ఇంకో తుపాకుల డీలరుకు ఫోన్ చేశాను. నా గదిలో ఇప్పటికే జమ తుపాకులు నిండిపోయాయి, సేఠ్ మంచివాడు, దేవుడు ఆయనకు శాంతినివ్వాలి అని పెట్టేశాడు. చివరికి బెన్‌కు ఫోన్ చేసి, మీరే స్టేషన్‌కు ఒక మాట చెప్పండి, తాళంచెవి నా దగ్గర ఉందని చెప్పండి అని బతిమాలాను. సరే అంది.

అప్పటినుంచి రోజూ పొద్దున పోయి షట్టర్ చూసి రావడం నా పని. వీధిలో కుక్కలు తప్ప ఎవరూ లేరు. తాళం మీద కొత్త గీతలేమైనా ఉన్నాయా అని వంగి చూసేవాణ్ణి. చూస్తుంటే ఎవరైనా నన్ను చూస్తే ఏమనుకుంటారని మళ్లీ భయం. ఎవడైనా సుత్తితో ఆ తాళం పగలగొడితే, ఆ తుపాకులు ఎక్కడ తేలితే అక్కడ నా పేరు తేలుతుంది. చెప్పులు విప్పుతుంటే తాళంచెవులు గలగలమనేవి, ఆ చప్పుడు మాత్రం నా సగం చెవికి బాగా వినపడేది.

అలా చూసి వచ్చిన ఒక పొద్దున మా ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. కొంగు నడుముకు దోపింది. ఎవరితోనో గొడవపడి గెలిచినట్టు ఉంది ముఖం.

"పోలీసోళ్లు వచ్చిండ్రు" అంది. "ఇద్దరు. నువ్వు లేవన్న. దుకాన్ కా కబ్జా కిస్కే పాస్ హై అని అడిగిండు ఒగడు."

"నువ్వేమన్నవే?"

"ఏమంట? మా ఇంట్ల కబ్జాలు పెట్టేటోళ్లు లేరన్న. మాదే కబ్జా పెట్టిండ్రు గని మేమెవ్వరిది పెట్టలే అన్న. మా ఆయన ఆ దుకాణం దిక్కు గూడ పోడని చెప్పిన."

"రాసుకున్నరా?"

"రాసుకోకుంట పోతరా. ఏలుముద్ర గూడ ఏసిన."

నేను గుమ్మంలోనే కూలబడ్డాను. ఊళ్లో మాకు ఇంటి జాగా ఉండేది. మేము ఇక్కడ మగ్గాల మీద ఉండగా నా పాలివాడు దాని చుట్టూ గోడ పెట్టాడు. మండలాఫీసు చుట్టూ తిరిగి తిరిగి మానుకున్నాం. కబ్జా అన్న మాట మా ఇంట్లో ఆ ఒక్క దానికే వాడతాం. అది దొంగతనం కంటే నీచమైన మాట మాకు. ఇన్నేళ్లు సూరత్‌లో ఉన్నా మా ఆవిడ కూరగాయలకు సరిపడా హిందీయే నేర్చుకుంది, ఆ కూరగాయల్లో ఈ మాట ఎన్నడూ రాలేదు. ఆ కానిస్టేబుల్ అడిగింది ఆమెకు, మీ ఆయన చచ్చినవాడి దుకాణం మింగాడా అని వినపడింది. తాళంచెవి నా దగ్గర ఉందని బెన్ చెబితే వాళ్లు వచ్చారు. తాళంచెవి లేదని మా ఇంటి వేలిముద్ర వాళ్ల చేతిలో పడింది. అప్పటిదాకా నేను లైసెన్సు లేకుండా ఉంచుకున్నవాణ్ణి, ఇప్పుడు ఉంచుకుని దాచినవాణ్ణి కూడా.

విడమరిచి చెబితే ఆమె ముఖంలో గెలుపు మెల్లగా పోయింది. కానీ తప్పు ఒప్పుకోలేదు. "చేతిల ఉంటె చేతిల ఉన్నదా అని అడగాలె గని కబ్జా అనుడేంది" అంది. పొయ్యి దగ్గరికి పోయి, వెలిగించకుండానే తిరిగి వచ్చింది.

సాయంత్రం మా బామ్మర్ది పాండేసర నుంచి సైకిల్ మీద వచ్చాడు. అక్కడ రంగుల మిల్లులో పని, గోళ్ల నుంచి నీలం పోదు. సంగతంతా విని మొదట నవ్వాడు. "బావా, ఇన్నేండ్లు అక్క నోటికి నువ్వొక్కనివే భయపడ్డవ్. ఇగ సర్కార్ గూడ భయపడ్తది" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి కుర్చీ దగ్గరకు లాక్కున్నాడు. వాడు చెప్పింది ఒకటే. తాళంచెవులు తాపీ నదిలో పడేసి, దొరికిన బండెక్కి ఊరికి పొమ్మన్నాడు. దొరికినా ఎవరు అడుగుతారు, వాళ్లకే దిక్కులేదు, మన ముల్కులో ఉంటే మనవాళ్లు ఉంటారు అన్నాడు. మా ఆవిడ ట్రంకు పెట్టె వైపు చూసింది.

నాకూ ఆశ పుట్టలేదని చెప్పను. కానీ పరాయి ముల్కువాడు, తుపాకుల దుకాణం తాళంచెవి, పరారీ. ఈ మూడు మాటలు పక్కపక్కన పడితే చాలు, నాలుగో మాట ఎవరికీ అక్కర్లేదు. పైగా షట్టర్‌ను ఎవరు చూస్తారు? సేఠ్ గేటు దగ్గర నాకు అప్పగించింది దాన్ని. రేపు పొద్దున స్టేషన్‌కు పోతానన్నాను. బామ్మర్ది తల కొట్టుకున్నాడు. "ఒక్కనివే పోతె నీకేం వినవడ్తది, వాళ్లేమన్న తల్కాయ ఊపి వస్తవ్. నేను గూడ వస్త" అంది మా ఆవిడ. "నా ఏలుముద్ర ఉన్నది గద."

స్టేషన్లో ఆ రోజు ఒక యువ అధికారి ఉన్నాడు. జబ్బు నుంచి లేచి వచ్చినవాడిలా ఉన్నాడు, మాట మధ్యలో ఊపిరి తీసుకునేవాడు. మమ్మల్ని బల్లకు దూరంగా నిలబెట్టాడు. నేను మొలతాడు విప్పి తాళంచెవులు బల్ల మీద పెట్టాను. ఆయన వాటినీ, ఫైలులో ఉన్న కాగితాన్నీ మార్చి మార్చి చూశాడు. మీ ఆవిడ లేదని రాసిచ్చింది, నువ్వు తెచ్చి పెడుతున్నావు, రెంటిలో ఏది అబద్ధం కాకా అని అడిగాడు. నాకు సగమే వినపడింది. మా ఆవిడ ముందుకు జరిగి, తన కూరగాయల హిందీలో, మా దగ్గర కబ్జా అంటే చోరీ సాబ్, చోరీ చేశావా అంటే చేయలేదన్నాను అని చెప్పింది. ఆయనకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదేమో, రైటరును పిలిచి కొత్త స్టేట్‌మెంటు రాయమన్నాడు.

రైటరు రాసింది నా ముందు పెట్టారు. గుజరాతీలో ఉంది. నేను వేలు పెట్టి ఒక్కో మాటే చదువుకుంటూ పోయాను. నడుమ ఒకచోట, సేఠ్ చనిపోయిన నాటి నుంచి దుకాణమూ ఆయుధాలూ నా కబ్జాలో ఉన్నాయి అని ఉంది. వేలు అక్కడ ఆగింది. దాని కింద సంతకం పెడితే, చట్టం పుస్తకంలో నేను చదివిన శిక్షంతా నాకు నేనే రాసుకున్నట్టు. సంతకం పెట్టనన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. "నిన్న లేదన్నారు. ఇవాళ ఉందంటావు, ఉందని రాస్తే పెట్టనంటావు" అన్నాడు. బయట ఇంకా జనం ఉన్నారు, ఆక్సిజన్ గొడవలు, శ్మశానం దగ్గర గొడవలు. ఆయనకు నా కోసం కేటాయించే ఓపిక లేదు. నాకు లోపలికి పోతే బయటికి వచ్చే వయసు లేదు. తాళంచెవి నా దగ్గర ఉన్నమాట నిజం సాహెబ్, దుకాణం నాది అన్నట్టు నేను ఒక్క నిమిషం లేను, ఈ రెంటికీ ఒకే మాట ఎలా రాస్తారు అని అడిగాను. గొంతు పెరిగింది. చెవిటివాడి గొంతు కాబట్టి స్టేషనంతా వినపడింది. మా ఆవిడ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. సేఠ్ భార్యను అడగండి అన్నాను.

రైటరు బెన్‌కు వీడియో కాల్ కలిపాడు. తెల్ల చీరలో, దిండుకు ఆనుకుని కనిపించింది. మనిషి సగమైంది. అధికారి అడిగిందంతా విని, దగ్గుకుని, మెల్లగా చెప్పింది. నాకు వినపడకపోతే మా ఆవిడ చెవిలో చెప్పింది.

"సాచవ్వా ఆపీ హతీ."

సాచవ్వా అంటే జాగ్రత్తగా చూసుకోవడానికి. సాచవ్వా ఇచ్చాడు అంది. ఇక్కడి ఆడవాళ్లు చంటిపిల్లను పక్కింట్లో కూర్చోబెట్టి బజారుకు పోయేటప్పుడు వాడే మాట అది. కూరగాయల దగ్గర రోజూ వినే మాట కాబట్టి మా ఆవిడకూ తెలుసు. అధికారి ఆ మాట తనలో తాను మరోసారి అనుకున్నాడు. రైటరు చేతిలోంచి కలం తీసుకుని కబ్జా ఉన్న వాక్యం కొట్టేసి, పైన సాచవ్వా అని తనే రాశాడు. కొట్టేసిన చోట పొట్టి సంతకం చేశాడు. నేను మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదివాకే పెట్టాను. మా ఆవిడ అడగకముందే వేలు సిరాలో ముంచింది.

ఆ మధ్యాహ్నమే జీపులో దుకాణానికి పోయాం. షట్టర్ ఎత్తితే పొరలు పొరలుగా దుమ్ము. అధికారి రిజిస్టరు పట్టుకుని నంబరు చదువుతాడు, నేను తుపాకి వెతికి అందిస్తాను. మాస్కు వెనకాల ఆయన గొంతు నాకు అందదు. మా ఆవిడ గడప దగ్గర నిలబడి ప్రతి నంబరూ తెలుగులో గట్టిగా అరిచింది. ఒక రెండు గొట్టాల తుపాకి ఎంతకీ కనపడలేదు. ఇన్నాళ్ల భయమంతా ఆ ఖాళీ కొక్కెం మీద వేలాడింది. చివరికి అది పక్క వరసలో, ఎవరో జమ చేసిన తుపాకి పక్కన దొరికింది. సేఠ్ ఆఖరిసారి తుడిచి పెట్టిన చోట. గోడ మీది లైసెన్సు పటం కూడా దించి ఫైలులో పెట్టుకున్నారు. లక్ష్మీదేవి పటం బెన్‌కు ఇమ్మని నాకిచ్చారు.

అన్నీ స్టేషన్ సామాన్ల గది మాల్‌ఖానాకు చేరాక అధికారి, పిలిచినప్పుడు రా, ఊరు దాటకు, ప్రస్తుతానికి నువ్వు సాక్షివి అన్నాడు. ప్రస్తుతానికి అన్న మాట నాకు నచ్చలేదు. తాళంచెవులు తీసుకున్నట్టు రసీదు కావాలన్నాను. ఇంతవరకు తాళంచెవికి ఎవరూ రసీదు అడగలేదన్నాడు. తుపాకికి ఇన్ని కాగితాలు అడిగే సర్కార్ నా చేతిలోది తీసుకున్నప్పుడు ఒక కాగితం ఇవ్వాలన్నాను. బామ్మర్ది ఉంటే నా నోరు మూసేవాడు. ఆయన ఊపిరి తీసుకుని, చిన్న కాగితం మీద నిలబడే రాసి ఇచ్చాడు.

రాత గొలుసుకట్టుగా ఉంది, పైగా కళ్లజోడు దుకాణంలో మరిచాను. ఏమని రాశారో చదవమన్నాను. చదివాడు. నాకు అందలేదు.

"సాచవ్వా అనే రాసిండు" అంది మా ఆవిడ నా మంచి చెవి దగ్గర. "ఇగ నడువ్, ఆయనకు నిలవడ శాత గాకుంటున్నది."